దారి తెరిచిన డ్యూక్ స్లేటర్

ఏ ఆటలోనైనా మరునాటి పత్రికలో కనిపించే పేరు గోలు వేసినవాడిది, పరుగులు తీసినవాడిది. అతనికి అడ్డు తొలగించినవాడి పేరు ఎక్కడా ఉండదు. మన ఇళ్లలోనూ అంతే. పండుగ భోజనం బాగుందని అందరూ అంటారు గాని, తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేసిన చేతులు ఎవరికి గుర్తుంటాయి? ఈ వారం మనం చెప్పుకోబోయే వ్యక్తి తన యౌవనమంతా అటువంటి పేరు రాని పనిలోనే గడిపి, ఆ తర్వాత న్యాయమూర్తిగా వేలమంది కష్టాలు విన్న మనిషి. పేరు ఫ్రెడరిక్ వేమన్ స్లేటర్. అమెరికా ప్రజలు ఆయనను డ్యూక్ స్లేటర్ అనే పిలిచారు. చిన్ననాడు ఇంట్లో పెంచుకున్న కుక్క పేరే ఆయనకు ముద్దుపేరై నిలిచిపోయింది.

ముందుగా ఆట గురించి నాలుగు మాటలు. అమెరికావారు ఫుట్‌బాల్ అనేది మనం కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతపట్టుకుని, నూరు గజాల మైదానంలో ఎదుటివారి గీత దాటించాలి. జట్టుకు పదకొండుమంది. వారిలో ఏడుగురు ముందు వరుసలో భుజం భుజం కలిపి నిలబడతారు. బంతి కదలగానే ఈ వరుసవారు ఎదుటి వరుసను ఢీకొని నెట్టాలి. ఆ తోపులాటలో ఏర్పడిన సందులోంచి బంతి పట్టినవాడు దూసుకుపోతాడు. ఈ ముందు వరుసలో టాకిల్ అనే స్థానం చాలా కష్టమైనది. ఎదుటి జట్టులోని బలిష్ఠులు అక్కడే తగులుతారు. టాకిల్‌గా ఆడేవాడు బంతిని ముట్టుకునే అవకాశం దాదాపు ఉండదు. దెబ్బలు అతనివి, పాయింట్లు వేరొకరివి. స్లేటర్ ఆడిన స్థానం అదే.

చెప్పులా? టోపీయా?

స్లేటర్ 1898 డిసెంబరు 9న ఇల్లినాయి రాష్ట్రంలోని నార్మల్ అనే ఊరిలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించారు. తండ్రి జార్జి స్లేటర్ ఆఫ్రికన్ మెథడిస్టు సంఘంలో పాస్టరు. సంఘం ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లవలసిన ఉద్యోగం, చాలీచాలని జీతం. కొంతకాలం చికాగోలో ఉండి, తర్వాత ఆ కుటుంబం అయోవా రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డునున్న క్లింటన్ పట్టణానికి చేరింది.

క్లింటన్ హైస్కూల్లో బాలుడికి ఫుట్‌బాల్ మీద మనసు పోయింది. తండ్రికి ఇది బొత్తిగా నచ్చలేదు. ఎముకలు విరిగే ఆటలో కొడుకు ఏమైపోతాడోనని ఆయన భయం. అబ్బాయి ఇంట్లో చెప్పకుండా ఆడసాగాడు. ఒకనాడు చిరిగిన ఆటబట్టలకు ఇంట్లో కుట్లు వేస్తుండగా తండ్రి చూశారని, ఆట మానేయమని ఆజ్ఞాపించారని, దాంతో అబ్బాయి అన్నం ముట్టకుండా కొన్నాళ్లు మొండికేశాడని ఆ కుటుంబ కథ. చివరకు తండ్రి మెత్తబడి, దెబ్బలు తగలకుండా చూసుకోవాలన్న షరతుతో ఒప్పుకున్నారు. అప్పటినుంచి కొడుకు దెబ్బలు తగిలినా ఇంట్లో బయటపడకుండా దాచుకునేవాడట.

అనుమతి దొరికింది గాని మరో చిక్కు వచ్చింది. ఆ బడిలో బూట్లు, తలకు పెట్టుకునే తోలు టోపీ ఎవరివి వారే కొనుక్కోవాలి. పాస్టరుగారి జీతంతో రెండూ కొనడం కుదరదు. ఏదో ఒకటి కోరుకోమన్నారు తండ్రి. అబ్బాయి పాదాలు ఎంత పెద్దవంటే ఆ ఊరి అంగళ్లలో అతనికి సరిపోయే బూట్లు లేవు, చికాగో నుంచి ప్రత్యేకంగా తెప్పించాలి. అబ్బాయి బాగా ఆలోచించి బూట్లే కోరుకున్నాడు. తలకు ఏమీ లేకుండానే మైదానంలో దిగాడు. అలా మొదలైన అలవాటు కళాశాలలో కూడా చాలాకాలం కొనసాగింది. ఆ రోజుల్లో టోపీ పెట్టుకోవాలన్న నియమం లేదు. అమెరికా జాతీయ ఫుట్‌బాల్ లీగు దాన్ని తప్పనిసరి చేసినది 1943లోనే.

నోటర్ డామ్‌తో పోటీ

1918లో స్లేటర్ అయోవా విశ్వవిద్యాలయంలో చేరారు. ఆరడుగుల పైన ఒక అంగుళం ఎత్తు, 215 పౌండ్ల బరువు, అనగా మన లెక్కలో 97 కిలోలు. బరువుతోపాటు చురుకుదనం కూడా ఉన్న మనిషి. ఫుట్‌బాల్‌తోబాటు డిస్కస్, హ్యామర్ విసరడంలోనూ విశ్వవిద్యాలయం తరఫున పోటీ చేశారు.

మైదానంలో ఆయనకు జేజేలు కొట్టిన ఆ విశ్వవిద్యాలయమే రాత్రి పడుకోవడానికి తన హాస్టలులో చోటు ఇవ్వలేదు. అక్కడి హాస్టళ్లలో నల్లజాతి విద్యార్థులకు ప్రవేశం లేదు. స్లేటర్, తోటి నల్లజాతి యువకులు తమ సోదర సంఘం నడుపుకునే ఇంట్లో తలదాచుకున్నారు. ఆ తలుపులు నల్లజాతివారికి తెరుచుకున్నది 1946లో, ఐదుగురు విద్యార్థినులు అడుగుపెట్టినప్పుడు. అంటరానితనం ఎరిగిన దేశంలో పుట్టిన మనకు ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు.

మన కతోలిక పాఠకులకు నోటర్ డామ్ పేరు పరిచితమే. 1842లో ఫాదర్ ఎడ్వర్డ్ సొరేన్, పవిత్ర సిలువ సభకు చెందిన ఆయన సహచరులు ఇండియానా రాష్ట్రంలో నెలకొల్పిన విద్యాలయమది. మరియమాత పేరున వెలసినది. 1921 నాటికి ఆ జట్టు శిక్షకుడు న్యూట్ రాక్నీ. నార్వేలో పుట్టిన ఈయన ఆ తర్వాత నాలుగేళ్లకు, 1925లో, కతోలిక శ్రీసభలో చేరారు. ఆయన శిక్షణలో నోటర్ డామ్ జట్టు వరుసగా ఇరవై పోటీలు నెగ్గి, ఓటమి అనే మాట మరచిపోయి ఉంది.

1921 అక్టోబరు 8న ఆ జట్టు అయోవా సిటీకి వచ్చింది. పోటీ ఆరంభంలోనే అయోవా పది పాయింట్లు సాధించింది. గోర్డన్ లాక్ బంతి పట్టుకుని గీత దాటాడు, ఆబ్రీ డివైన్ తన్నిన బంతి గోలుకర్రల మధ్యనుంచి పోయింది. నోటర్ డామ్ ఏడు పాయింట్లతో బదులిచ్చింది. ఆపైన ఎంత పెనుగులాడినా లెక్క మారలేదు. 10-7తో అయోవా నెగ్గింది. ఆ ఏడాదంతటిలో నోటర్ డామ్‌కు అదొక్కటే ఓటమి. అయోవా మాత్రం ఆడిన ఏడు పోటీలూ గెలిచి పశ్చిమ విశ్వవిద్యాలయాల కూటమిలో విజేతగా నిలిచింది.

ఆనాటి ఫోటో ఒకటి అమెరికా క్రీడాచరిత్రలో ప్రసిద్ధికెక్కింది. అందులో టోపీ లేని స్లేటర్ నడుం వంచి ఎదుటి జట్టువారిని ఒక్కడే అనేకమందిని ఆపుతున్నారు. ఆయన వెనుక లాక్ బంతితో ఖాళీలోకి పోతున్నాడు. పాయింట్లు లాక్ ఖాతాలో పడ్డాయి. ఆ బొమ్మ మాత్రం స్లేటర్ పేరుతోనే నిలిచింది. రాక్నీ కూడా ఆయన ఆటను మెచ్చుకున్నవారిలో ఒకరు.

పగలు ఆట, పుస్తకంతో బాట

1922లో స్లేటర్ వృత్తి ఆటగాడయ్యారు. మిసిసిపీ ఒడ్డునే ఉన్న రాక్ ఐలండ్ పట్టణ జట్టులో చేరారు. జాతీయ లీగులో ముందు వరుసలో ఆడిన మొట్టమొదటి నల్లజాతీయుడు ఆయనే. ఆ ఏడు చివర రెండు పోటీలు మిల్వాకీ జట్టుకు కూడా ఆడారు. తర్వాతి కాలంలో గాయకుడిగా లోకమంతా మెచ్చిన పాల్ రాబ్సన్ కూడా ఆ ఏడాది ఆ జట్టు ఆటగాడే.

ఈనాటి వృత్తి ఆటగాళ్ల వైభవం చూసి ఆనాటి సంగతి ఊహించుకోరాదు. లీగు పుట్టి అప్పటికి రెండేళ్లే. ఆదాయాలు స్వల్పం, జట్లు పుట్టేవి, మూతపడేవి. ఒకే మనిషి దాడిలోనూ ఆడాలి, రక్షణలోనూ ఆడాలి. అరవై నిమిషాలూ మైదానంలోనే ఉండాలి. స్లేటర్ ఆ విధంగా పది సీజన్లు ఆడారు. గాయం కారణంగా ఒక్క పోటీ కూడా తప్పుకోలేదు.

అయితే ఒక పోటీ ఆయన చేత తప్పించారు. 1924లో రాక్ ఐలండ్ జట్టు మిస్సోరి రాష్ట్రంలోని కాన్సాస్ సిటీకి వెళ్లింది. అక్కడ నల్లవారూ తెల్లవారూ ఒకే మైదానంలో ఆడరాదని పెద్దమనుషుల మధ్య నడిచే ఒప్పందం. ఆరోగ్యంగా, సిద్ధంగా ఉన్న మనిషిని పక్కన కూర్చోబెట్టారు. అప్పటిదాకా ఓటమి ఎరుగని జట్టు ఆనాడు ఓడిపోయింది. తర్వాత అదే కాన్సాస్ సిటీ జట్టు రాక్ ఐలండ్‌కు వచ్చినప్పుడు స్లేటర్ మైదానంలో ఉన్నారు. గెలుపు రాక్ ఐలండ్‌దే.

1926లో రాక్ ఐలండ్ జట్టు మూతపడే స్థితికి వచ్చింది. స్లేటర్ చికాగో కార్డినల్స్ జట్టులో చేరి 1931 వరకు అక్కడే ఆడారు. 1927 నాటికి లీగులోని ఇతర నల్లజాతి ఆటగాళ్లు దాదాపు అందరూ కనుమరుగయ్యారు. ఆ పిమ్మట కొన్ని సీజన్లలో లీగు మొత్తంలో ఆయన ఒక్కరే నల్లవారు. తప్పు చేస్తే తన ఒక్కడి తప్పుగా కాక జాతి మొత్తం తప్పుగా లెక్కపెడతారని తెలిసి ఆడటం ఎంత బరువో ఆలోచించండి. కవ్వించినా కలబడకుండా, ఆట ముగిశాక ఎదుటివారితో సౌమ్యంగా మాట్లాడే మనిషిగా ఆయన పేరు తెచ్చుకున్నారు.

1929 నవంబరు 28, కృతజ్ఞతా పండుగ రోజు. కార్డినల్స్, అదే నగరానికి చెందిన బేర్స్ జట్టు తలపడ్డాయి. కార్డినల్స్ 40-6తో గెలిచింది. ఆ నలభై పాయింట్లూ ఎర్నీ నెవర్స్ అనే ఒక్క ఆటగాడే సాధించాడు. ఒక్క పోటీలో ఒక్కడు అన్ని పాయింట్లు సాధించడం ఆ లీగులో మళ్లీ జరగలేదు. నెవర్స్ పేరు రికార్డు పుస్తకంలో ఉంది. అతని ముందు నిలిచి దారి చేసిన వరుసలో, ఆనాడు ఒక్క నిమిషం కూడా విరామం లేకుండా ఆడినవారు స్లేటర్.

ఈ కథలో తల్లిదండ్రులు ప్రత్యేకంగా గమనించవలసినది మరొకటుంది. ఫుట్‌బాల్ శీతాకాలంతో ముగిసే ఆట. మిగతా నెలల్లో స్లేటర్ తిరిగి అయోవా సిటీకి పోయి న్యాయశాస్త్రం చదివారు. కండలు ఎన్నేళ్లు నిలుస్తాయో ఆయనకు తెలుసు. ఆటలో వచ్చిన డబ్బు చదువుకు పెట్టుబడి అయింది. 1928లో లా పట్టా పుచ్చుకున్నారు. అప్పటికి ఆయన కార్డినల్స్ జట్టులో ప్రధాన ఆటగాడు. అంటే పట్టా చేతికొచ్చాక కూడా మరి నాలుగు సీజన్లు ఆడారన్నమాట.

మూసిన తలుపు

1931లో స్లేటర్ ఆట విరమించారు. ఆయన వెళ్లిన రెండేళ్లకు, 1933 సీజన్‌తో, లీగులో మిగిలిన ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లు కూడా బయటికి పోయారు. 1934 నుంచి 1945 వరకు పన్నెండేళ్లపాటు ఆ లీగులో ఒక్క నల్లవాడికి చోటు దొరకలేదు. నల్లవారిని తీసుకోరాదని కాగితంపై ఏ నియమమూ లేదు. కాగితంమీద లేని నియమాన్ని ఎవరితో కొట్లాడి కొట్టివేయించాలి? 1946లో కెన్నీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్ అనే ఇద్దరు లాస్ ఏంజెలిస్ జట్టులో చేరాక గాని ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు.

స్లేటర్ మనసుకు ఇది ఎంత కష్టంగా ఉండి ఉంటుందో చెప్పనక్కరలేదు. పదేళ్లు ఒళ్లు వంచి తీసిన దారి తన వెనుకనే పూడ్చివేశారు. అయినా ఊరకుండలేదు. పగలు చికాగోలో వకీలుగా పనిచేస్తూనే, 1930లలోనూ 1940 ప్రాంతంలోనూ నల్లజాతి ఆటగాళ్లతో ఏర్పడిన జట్లకు శిక్షకుడిగా ఉన్నారు. చికాగో బ్రౌన్ బాంబర్స్ అటువంటి జట్లలో ఒకటి. లీగు కాదన్న యువకులు తమ సత్తా చూపుకోవడానికి ఒక మైదానం ఉండాలన్నది ఆయన ఉద్దేశం. తనకు హాస్టలు ఇవ్వని అయోవా విశ్వవిద్యాలయాన్ని కూడా వదిలిపెట్టలేదు. తరచు అక్కడి పోటీలకు వెళ్లేవారు. నల్లజాతి యువకులను అక్కడ చదువుకొమ్మని ప్రోత్సహించేవారు. తనకు జరిగిన అవమానాన్ని తర్వాతివారి అవకాశానికి అడ్డం రానీయలేదు.

న్యాయపీఠం మీద

చికాగోలో కొంతకాలం నగర ప్రభుత్వ న్యాయవాదులలో ఒకరిగా కూడా పనిచేశాక, 1948లో స్లేటర్ మునిసిపల్ కోర్టు న్యాయమూర్తి పదవికి పోటీ చేశారు. అమెరికాలో అనేక చోట్ల జడ్జీలను ప్రజలే ఓట్లు వేసి ఎన్నుకుంటారు. ఆయన గెలిచారు. చికాగోలో ఈ విధంగా ఎన్నికైన రెండవ నల్లజాతి న్యాయమూర్తి ఆయన. మొదటివారు 1924లో ఎన్నికైన ఆల్బర్ట్ జార్జ్. ఇద్దరి మధ్య ఇరవైనాలుగేళ్ల ఎడం ఉంది.

మునిసిపల్ కోర్టంటే పెద్ద పెద్ద కంపెనీల దావాలు నడిచే చోటు కాదు. అద్దె కట్టలేనివాడు, తాగి పోట్లాడినవాడు, చిల్లర దొంగతనంలో పట్టుబడిన కుర్రాడు, ఇటువంటివారే అక్కడికి వస్తారు. ఒక మనిషి బతుకు నిలబడటానికో చెడిపోవడానికో చాలాసార్లు ఆ చిన్న కోర్టులో పడే మాటే కారణం. స్లేటర్ అక్కడ పన్నెండేళ్లు కూర్చున్నారు. 1960లో సుపీరియర్ కోర్టుకు చేరారు. ఆ కోర్టులో న్యాయమూర్తి అయిన మొదటి నల్లజాతీయుడు ఆయనే. 1964లో ఇల్లినాయి రాష్ట్రం తన కోర్టులను తిరిగి ఏర్పరచినప్పుడు సర్క్యూట్ కోర్టు న్యాయమూర్తి అయ్యారు.

భార్య ఎట్టా ఆయనకంటే ముందే కన్నుమూశారు. సంతానం లేరు. 1966 ఆగస్టు 14న కడుపులో కాన్సరుతో డ్యూక్ స్లేటర్ చికాగోలో మరణించారు. అప్పటికి వయస్సు 67. చివరివరకు న్యాయమూర్తిగానే ఉన్నారు.

ఆలస్యంగా వచ్చిన గౌరవం

కళాశాల ఆటగాడిగా స్లేటర్‌కు జీవించి ఉండగానే గుర్తింపు దక్కింది. 1951లో కళాశాల ఫుట్‌బాల్ ప్రముఖుల సభకు ఎంపిక చేసిన మొట్టమొదటి జాబితాలో ఏకైక నల్లజాతీయుడు ఆయనే. వృత్తి ఆట విషయంలో మాత్రం చాలా ఆలస్యం జరిగింది. జాతీయ లీగు ప్రముఖుల సభ 1963 నుంచి ఏటా ఆటగాళ్లను ఎంపిక చేసుకుంటూ వచ్చింది. ఆయన పేరు వచ్చినది 2020లో. ఆట మానిన ఎనభైతొమ్మిదేళ్లకు, మరణించిన యాభైనాలుగేళ్లకు!

అయోవా విశ్వవిద్యాలయం చేసిన పనులు కూడా చెప్పుకోవాలి. 1972లో ఒక భవనానికి స్లేటర్ హాల్ అని పేరు పెట్టారు. ఆ భవనం ఏమిటనుకున్నారు? విద్యార్థుల హాస్టలు! ఏ గడప తొక్కనీయలేదో అటువంటి గడప మీదనే ఆయన పేరు చెక్కారు. 2019లో క్రీడామైదానం వద్ద నోటర్ డామ్ పోటీనాటి ఆ ఫోటో ఆధారంగా కంచు శిల్పాన్ని నిలిపారు. 2021లో ఆ మైదానానికే డ్యూక్ స్లేటర్ ఫీల్డ్ అని పేరు మార్చారు.

ఈ గౌరవాలన్నీ మంచివే. కాని ఇవి ఆయనకు జరిగిన అన్యాయాన్ని సరిచేశాయని అనుకోవడం పొరపాటు. చనిపోయినవారి పేరు గోడమీద చెక్కడం సులభం. బతికి ఉన్నవాడికి గదిలో చోటు ఇవ్వడం కష్టం. ఈరోజు మన బడులలో, హాస్టళ్లలో, మన విచారణలలో సైతం ఎవరిని వెనుక వరుసలో కూర్చోబెడుతున్నామో చూసుకుంటే ఈ జీవితచరిత్ర చదివిన ఫలితం దక్కుతుంది.

ఇక యువతీయువకులకు ఒక మాట. మీలో అందరి పేర్లూ పత్రికలకు ఎక్కవు. అందరూ మొదటి బహుమతులు తెచ్చుకోలేరు. చెల్లెలి చదువు కోసం పనిచేసే అన్న, ముసలి తల్లిదండ్రుల వద్ద ఉండిపోయిన కూతురు, పల్లె బడిలో ముప్పైయేళ్లు అక్షరాలు దిద్దించిన మాస్టారు, వీరంతా ముందు వరుసలో నిలబడి ఎవరికోసమో దారి తీస్తున్నవారే. స్లేటర్ ఆ పని పది సీజన్లు మైదానంలో, ఆపైన పద్దెనిమిదేళ్లు న్యాయపీఠం మీద చేశారు. ఎవరైనా చూస్తున్నారా లేదా అన్న లెక్క ఆయన వేసుకోలేదు.